ఫింజాన్ ఊపేదాకా

మా రాజంపేటలో గ్లాసు అంచుదాకా పోయకపోతే పిసినారి అంటారు.
ఇక్కడ జహ్రాలో
ఫింజాన్ అంచుదాకా పోస్తే "తాగి లేచి పో" అన్నట్టు.
ఆ సంగతి తెలీక మొదటి రోజు
వచ్చిన పెద్దమనుషులందర్నీ వరసగా లేచి పొమ్మన్నా.
బాబా నవ్వినాడు కాబట్టి బతికిపోయినా.

ఎడమ చేత దల్లా, కుడి చేత ఫింజాన్లు.
మూడోవంతు మాత్రమే పోయాల.
గింజ ఎక్కువ వేగదు, రంగు చామంతి రేకు,
పాలు లేవు, చక్కెర లేదు,
యాలకల వాసన దివానియా గడప దాటి
ఇసకలో నిలబెట్టిన కార్లదాకా పోతుంది.
తాగినాయన కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపితే
చాలని అర్థం.
ఊపేదాకా పోస్తానే ఉండాల.
పదకొండేళ్లలో నేను నేర్చిన అరబ్బీలో
సగం ఆ ఊపే.

బాబాకు డెబ్బై ఆరు. ఊపడు.
గుండె తాళం తప్పుతా ఉందని ఆస్పత్రిలో చెప్పినాక
పెద్దకొడుకు నాయెఫ్ నన్ను పక్కకు పిలిచి
మూడు వేళ్లు చూపించినాడు.
"నాలుగోది పోసినావంటే నీ టికెట్ నేనే కొంటా."
మజ్లిస్‌లో మాత్రం బాబా చెయ్యి చాపే ఉంటుంది.
చాపిన చేతిలో పొయ్యనోడు
ఏం మనిషి?

ఆ వారమంతా దివానియాలో మాట కాఫీ మీదనే.
గొర్రెల వ్యాపారి అంటాడు:
"లివరుకు మంచిదంట, షుగరు రానీదంట,
మా తాత గహ్వా తాగే తొంభై దాటినాడు."
రిటైరైన మాస్టరు అంటాడు:
"నిద్రను తింటుంది, బీపీని లేపుతుంది,
రంజాన్ మొదటి మూడు రోజులు
నీ తల ఎందుకు పగులుతుందో చెప్పు మరి?"
ఇద్దరి కప్పులూ ఖాళీ.
ఇద్దరికీ పోసినా.

వంటింట్లో సుబ్బనరసమ్మ, చిట్వేలి మనిషి.
రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చినారు.
మిగిలిన గహ్వాతోనే మింగేది,
మళ్లీ నీళ్లు ఎందుకని.
నాలుగు నెలలైనా కంటి రెప్ప లోపల సున్నం తెలుపే.
"కాఫీతో వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదమ్మా,
గంటో రెండు గంటలో ఆగి తాగు" అని మలయాళీ నర్సు తిట్టింది.
"ఆగేదానికి టైమిస్తే కదా" అనింది సుబ్బనరసమ్మ,
నాతో. నర్సుతో కాదు.

నేనా?
దల్లా అడుగున మిగిలింది పారబోసేకి మనసొప్పదు.
రాత్రి రెండుదాకా మేలుకోవాల,
అయిదుకు కార్లు కడగాల.
ఎన్ని ఫింజాన్లో ఎవరు లెక్కబెట్టినారు?
మెడికల్ రోజు డాక్టరు చేతులు ముందుకు చాపమన్నాడు.
చాపినా.
అటూ ఇటూ, అటూ ఇటూ,
వేళ్లు వాటంతట అవే.
ఎన్నాళ్లనుంచి చాలు చాలు అంటా ఉన్నాయో,
దల్లా పట్టుకున్నోని చేతిని చూసేదెవరు?
"రోజుకెన్ని?"
"తెలీదు సార్."
"నిద్ర?"
నవ్వినా.

ఆ రాత్రి నాలుగోసారి బాబా ముందుకు పోయినా.
నాయెఫ్ గుమ్మంలో ఉన్నాడు.
దల్లా ముక్కు వంచితే
కప్పు అంచుకు తగిలి టకటకమని ఒకటే చప్పుడు.
రెండు చుక్కలు, పిచ్చుక గొంతు కూడా తడవదు.
బాబా కప్పులోకి చూసినాడు.
నా చేతిని చూసినాడు.
గుమ్మం వైపు చూడలా.
ఆ రెండు చుక్కలూ తాగి
ఊపినాడు.

మిగిలింది సింకులో పోసినా.
యాలకలు జాలీకి అడ్డం పడితే వేలితో తీసినా.
మంచి పని చేసినందుకన్నా నిద్ర వస్తుందనుకున్నా, రాలా.
తెల్లారి కార్లు కడుగుతా ఉంటే
కణతల దగ్గర మొదలైంది నొప్పి,
రంజాన్ మొదటి రోజు మాదిరి.